నాలుగో మూల

ఆ వానకాలం మొదలైన రోజున నా భార్య కుడిచేతి పట్టు పదకొండు కిలోలు. ముగిసిన రోజున ఎంతో నాకు తెలియదు. ముప్పైనాలుగేళ్ల ఉద్యోగంలో "తెలియదు" అన్న మాట ఒక్క నివేదికలోనూ రాయని మనిషిని. అది ఇప్పుడు ఎందుకు రాయవలసి వచ్చిందో చెప్పాలి.

నా ఉద్యోగం బరువులెత్తే సామగ్రిని తనిఖీ చేయడం. ఓడరేవులోని క్రేన్ల కొక్కేలు, గొలుసులు, ఉక్కుతాళ్లు ఏడాదికి రెండుసార్లు నా ముందుకు వచ్చేవి. మోయవలసిన దానికి ఒకటింబావు రెట్లు బరువు వేలాడదీసి, పది నిమిషాలు ఆగి, దించి, ఒక్కొక్క లంకెనూ భూతద్దంతో చూసి, అది ఎంతవరకు మోయగలదో ఆ అంకెను దాని మీదే ముద్ర కొట్టేవాణ్ణి. నేను ముద్ర కొట్టిన గొలుసు తెగి ఎవరూ చచ్చిపోలేదు. దేవుడి మీద నమ్మకం లేకపోవడం నాకు అంతకు ముందే, పుస్తకాల వల్ల వచ్చింది. అంకె లేనిదాన్ని నమ్మకపోవడం మాత్రం అక్కడ అలవాటైంది.

నా భార్య నమ్మింది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దుకాణంలో ముప్పైయేళ్లు మిషను తొక్కింది. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లింది. నేను వీధి మలుపు దాకా దిగబెట్టి వెనక్కి వచ్చేవాణ్ణి. ఆమె నన్ను మార్చబోదు, నేను ఆమెను ఓడించబోను అన్నది మా మధ్య ఎన్నడూ పైకి అనుకోని ఒప్పందం. పిల్లలు లేని ఇంట్లో పొద్దుపోవాలి కనుక, అప్పుడప్పుడూ సరదాకి ఒక పూట వాదించుకునేవాళ్లం.

"మీ గొలుసు ఎంత గట్టిదైనా పైన ఎవరో ఒకరు పట్టుకోవాలి కదండీ," అనేది.

"పైన ఉక్కు దూలం ఉంటుంది. దాన్నీ నేనే తనిఖీ చేశాను."

"దూలాన్ని ఎవరు మోస్తారు?"

"స్తంభాలు."

"స్తంభాలని?"

"భూమి."

"భూమినీ మీరే తనిఖీ చేశారా?" అని నవ్వి, పొయ్యి మీద ఏదో ఉందంటూ లేచి వెళ్లిపోయేది. మా ఇంట్లో గెలిచినవాళ్లే ముందు లేచి వెళ్లేవాళ్లు.

ఎండాకాలం చివర్లో ఆమె చేతిలోంచి కత్తెర జారడం మొదలైంది. ఆ తరవాత తాళంచెవి, గ్లాసు. ఎన్నో పరీక్షలు చేశాక డాక్టరు నన్ను ఆసుపత్రి వరండాలోకి పిలిచి, నరాలు కండరాలకు కబురు పంపడం మానేస్తున్నాయని, వెనక్కి తిప్పే మందు లేదని, ఊపిరి కండరాల దాకా వస్తే ఈ వానకాలం దాటడం కష్టమని చెప్పాడు. చేతిపట్టు ఎలా ఉందో నెలకొకసారి చూద్దామన్నాడు.

నెలకొకసారి అన్నాడు; నేను రోజూ అనుకున్నాను. నెలకు ఒక్క కొలత అంటే అది కొలత కాదు, వదంతి. పాత వర్క్‌షాపుకు వెళ్లి, ఒక స్ప్రింగు కాటాను విప్పించి, అరచేతిలో ఇమిడేలా పిడి అమర్చి, ముల్లు నూరు గ్రాముల తేడాను కూడా చూపేలా ఒక పరికరం తయారుచేశాను. రోజూ ఉదయం ఏడింటికి ఆమె మంచం అంచున కూర్చునేవాణ్ణి. కుడిచేతితో మూడుసార్లు, ఎడమచేతితో మూడుసార్లు, మధ్యలో నిమిషం చొప్పున విరామం. మూడింటి సగటు నోటుపుస్తకంలో రాసి, గళ్ల కాగితం మీద చుక్క పెట్టేవాణ్ణి. మొదటిరోజు ఎలా నొక్కాలో చూపించడానికి నేనే ఒకసారి నొక్కాను: ముప్పై ఎనిమిది.

"అబ్బో," అంది ఆమె. "ఈ చేత్తోనేనా పచ్చడి సీసా మూత రాలేదని నా దగ్గరికి తెచ్చేది?"

ఆమెకు ఆ కాలంలో కావలసింది ఒక్కటే. చర్చి పాత కప్పు పడిపోతే కొత్త హాలు కడుతున్నారు. అందులో రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల మీద పరచే గుడ్డ తానే కుట్టి ఇస్తానని ఎండాకాలం మొదట్లో, కత్తెర ఇంకా జారకముందు, పాస్టరుగారికి మాట ఇచ్చింది. దళసరి తెల్ల నూలుగుడ్డ. రెండున్నర మీటర్ల పొడవు, ఒకటిన్నర వెడల్పు. నాలుగు వైపులా అంచు రెండుసార్లు లోపలికి మడిచి చేత్తో కుట్టాలి.

"మిషను మీద గంట పని కదా," అన్నాను.

"మిషను మీద కుట్టినవన్నీ జీతానికి కుట్టాను. ఇది చేత్తో."

నేను లెక్క వేశాను. చుట్టుకొలత ఎనిమిది మీటర్లు. సెంటీమీటరుకు నాలుగు కుట్లు. మొత్తం మూడువేల రెండువందలు. వానలు రాకముందే ఆమె ఒక పొడుగు అంచు, దాని చివర మూల పూర్తిచేసింది. మిగిలినవి మూడు అంచులు, మూడు మూలలు. హాలు ప్రారంభం వానకాలం చివర ఒక ఆదివారం.

వానలు వచ్చాక కుట్టు ఆగిపోయింది. కొలత అయిపోయాక సూదిబుట్ట ఒళ్లో పెట్టుకునేది. దారం ఎక్కించేది, లేదా నేను ఎక్కించి ఇచ్చేవాణ్ణి. అయిదారు కుట్లు పడేసరికి వేళ్లు వణికి సూది గుడ్డ మడతల్లోకి జారిపోయేది. మధ్యాహ్నానికి బుట్ట మంచం కిందికి పోయేది. చేతిపట్టు కంటే వేళ్ల నేర్పు ముందు పోతుందని నేను వివరణ ఇచ్చుకున్నాను. నా దగ్గర వివరణ లేని రోజు ఉండేది కాదు.

"ఏం అడుగుతుంటావు రోజూ?" అన్నాను ఒక ఉదయం. నేను వెళ్లేసరికి ఆమె పెదాలు ఇంకా కదులుతున్నాయి.

"బలం."

"ఎంత?"

"ఇవాళ్టికి సరిపడా. రేపటిది ఇవాళ అడగను. అడిగి తెచ్చుకున్నా దాచుకోవడానికి చోటేదీ?"

"మరి వస్తే ముల్లు కదలాలి కదా?"

ఈ మాట నేను వెటకారంగా అనలేదు. నిజంగానే ఆ ప్రశ్న వేశాను. ఆమె పరికరాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పాపం, ఇది నా బలం కొలవడానికి చేశారు. ఆయనది పెడితే విరిగిపోదూ?" అంది.

ఆ రోజు కొలత తొమ్మిదింబావు.

అయిదోవారంలో ఒక విచిత్రం జరిగింది. ఏడున్నర దగ్గర గీత కిందికి దిగడం మానేసింది. వరసగా ఎనిమిది రోజులు ఏడున్నర. ఒక రోజు ఏడున్నరకు వంద గ్రాములు పైన. డాక్టరు అంతకు ముందువారమే ఒక మాత్ర మార్చాడు. నేను నోటుపుస్తకం అంచున "కొత్త మందు పనిచేస్తోంది" అని రాసి కింద గీత గీశాను. నాలుగో రోజునో అయిదో రోజునో భోజనంలో రెండోసారి అన్నం వడ్డించుకున్నాను. ఆమె మంచం మీంచి చూస్తోంది.

"ఇవాళ మారు వడ్డించుకున్నారే," అంది. ఎంతో సంతోషంగా అంది. ఎందుకంత సంతోషమో నాకు అప్పుడు తెలియలేదు.

అప్పటికే మా మరదలు వచ్చి ఉంది. నా భార్యకు చెల్లెలు. తపాలా ఆఫీసు కౌంటరులో ఇరవయ్యేళ్లు కూర్చుని, ఎవరి మాటనైనా సగంలో ఆపి ముద్ర కొట్టడం అలవాటైన మనిషి. సెలవు పెట్టి వచ్చి అక్క గదిలోనే చాప వేసుకుని పడుకునేది. ఆమె నాకు పెట్టిన పేరు "కొలతల బావ". ఆ పేరు పెట్టి పాతికేళ్లయింది, ప్రేమగానే పెట్టింది.

తొమ్మిదో రోజు ఉదయం నేను పరికరం తుడుచుకుంటూ వంటింటి మీదుగా వెళుతుంటే ఆమె పాలగిన్నె దగ్గర నిలబడి ఉంది. బయట వాన రేకుల మీద ఒకటే మోత.

"బావగారూ, ఒక్క నిమిషం ఆగండి."

"ఏడవుతోంది."

"తెలుసు. అందుకే ఆగమంటున్నాను." ఆమె పొయ్యి ఆర్పింది. "అక్క ఎన్నింటికి లేస్తుందో తెలుసా మీకు?"

"ఆరున్నరకి."

"అయిదున్నరకి. లేచి ఏమడుగుతుందో తెలుసా?"

"బలం అడుగుతుంది, జబ్బు నయం కావడానికి. అడగనీ. నేనేమీ అనడం లేదే."

"నయం చేయమని అడగడం మానేసి నెలయింది. పక్కనే పడుకుంటున్నాను, నా చెవులతో వింటున్నాను." ఆమె గొంతు తగ్గించింది. "'ప్రభువా, ఏడింటికి ఆయన వస్తారు. ఈ ఒక్కసారి నొక్కే బలం ఇవ్వు. నిన్నటికంటే తగ్గితే ఆయన అన్నం తినరు.' ఇదీ ఆవిడ ప్రార్థన. గంటన్నర ఇదే. ఆ తరవాత మీరు వచ్చి ఆరుసార్లు నొక్కిస్తారు. ఆవిడ దగ్గరున్నదంతా పిండి మీ ముల్లుకి పోస్తుంది. ఇక సూది పట్టుకోవడానికి ఏం మిగుల్తుంది చెప్పండి?"

నేను పరికరాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాను.

"క్రేన్లని తనిఖీ చేయండి, ఎవరు కాదన్నారు. మా అక్క క్రేనా?" అని, మళ్లీ పొయ్యి వెలిగించింది.

గుమ్మంలో నిలబడి నేను ఆ ఎనిమిది రోజుల గీతను తలుచుకున్నాను. అది మందు గీసిన గీత కాదు. దాన్ని గీసింది ఆమె, నా కంచంలో అన్నం కోసం. ఏ గొలుసునైనా గరిష్ఠ భారం దగ్గర రోజూ పరీక్షించకూడదని, పరీక్షే దాన్ని అరగదీస్తుందని, కొత్తగా చేరిన తనిఖీదార్లకు మొదటిరోజు చెప్పే పాఠం. ముప్పైనాలుగేళ్లు నేనే చెప్పాను.

పరికరాన్ని బియ్యం డబ్బా వెనక పెట్టి, ఖాళీ చేతులతో గదిలోకి వెళ్లాను. ఆమె అప్పటికే కుడిచేయి దుప్పటి మీద సిద్ధంగా చాచి ఉంచింది.

"ఏదీ?" అంది.

"పాడైంది."

"ఏం పాడైంది?"

"స్ప్రింగు. సాగిపోయింది. అలాంటిది ఇక దొరకదు."

నా జీవితంలో ఒక పరికరం గురించి నేను ఆడిన అబద్ధం అదొక్కటే. ఆమె నా ముఖంలోకి చూసింది. చాచిన చేయి వెనక్కి తీసుకోలేదు. ఆ చేతిని ఏం చేయాలో తోచక నేను పట్టుకున్నాను. ఆమె నొక్కలేదు. ముల్లు లేదు కనుక నేనూ ఏమీ చదవనక్కర్లేకపోయింది.

"పోనీలెండి," అంది. "మూలన పడుకోనివ్వండి దాన్ని. ఆ సూదిబుట్ట ఇటివ్వండి."

ఆ ఉదయం ఆమె ముప్పైఎనిమిది కుట్లు వేసింది.

ఆ తరవాత మూడు వారాలు మా ఇంట్లో సంతోషం అనదగ్గది ఏదైనా ఉందంటే ఉంది. కిటికీ పక్కకు మంచం జరిపాం. ఉదయపు బలమంతా సూదికే. రోజుకు నలభై, ఒక్కోరోజు యాభై. ఇంచు అంచు కుట్టి, చేయి దుప్పటి మీద వాల్చి, వాన చూసి, మళ్లీ ఒక ఇంచు.

"కుట్లు లెక్కపెట్టకండి," అనేది తల ఎత్తకుండానే.

"లెక్కపెట్టడం లేదు."

"పెదాలు కదులుతున్నాయి."

"నీవి కదలడం లేదా పొద్దున్నే?"

"నావి అడగడానికి కదులుతాయి. మీవి లెక్కపెట్టడానికి. తేడా లేదూ?"

అడ్డపు అంచు పూర్తయింది. దాని చివర మూలా అయింది. ఆ ఒక్క మూలకే రెండు రోజులు పట్టింది. మూలలో గుడ్డ రెండు వైపుల నుంచీ మడతపడి ఆరేడు పొరలవుతుంది. సూది మామూలుగా దిగదు. ఇత్తడి తొడుగు వేలికి పెట్టుకుని నెట్టాలి. ఆ మూల చివరి కుట్టు వేశాక ఆమె సూదిని గుడ్డలోనే వదిలేసింది. మర్నాడు ఉదయం దాన్ని పట్టుకోలేకపోయింది. బొటనవేలు చూపుడువేలిని చేరలేదు. నేను చూస్తూ ఉన్నాను. ఆమె అయిదుసార్లు ప్రయత్నించింది. అది నేను లెక్కపెట్టాలని లెక్కపెట్టింది కాదు.

ఆ మధ్యాహ్నం ఆమె ఏడ్చింది. జబ్బు తెలిసిన రోజు కూడా ఏడవని మనిషి. చెల్లెలు మందులకు వెళ్లింది, ఇంట్లో మేమిద్దరమే.

"అలిసిపోయానండీ," అంది. అప్పటికే మాట ముద్దముద్దగా వస్తోంది. "బలం అడిగి అడిగి అలిసిపోయాను. అడగడానికి కూడా బలం కావాలని ఎవరూ చెప్పలేదు నాకు."

నేను కన్నీళ్లు తుడిచాను. అంతకు మించి నాకు తెలిసిన పని లేదు.

"నా తరపున మీరు అడుగుతారా?" అంది. "ఒక్క ముక్క. మీకు వచ్చినట్టే."

నేను ఆలోచించి జవాబిచ్చాను. అదే నా దోషం. "నాకు నమ్మకం లేదు. అడిగితే అబద్ధమవుతుంది. నీకు అబద్ధం చెప్పినట్టవుతుంది."

ఆమె తల ఊపింది. "సరే. పర్లేదు," అంది. నిజంగానే ఏ నిష్ఠూరమూ లేదు ఆ గొంతులో. స్ప్రింగు గురించి అబద్ధమాడిన నోటికి ఇక్కడే సత్యవ్రతం గుర్తొచ్చిందా అని ఆమె అడగలేదు. నన్ను నేను ఇప్పటికీ అడుగుతున్నాను.

"అయితే ఇంకో పని చేస్తారా?" అంది. "కుట్టండి."

"నేనా?"

"మా చెల్లెలు కుడితే కుట్టు కాకి కాలు, గద్ద ముక్కు. మీవి నిలకడగల వేళ్లు."

"ప్రభువు బల్ల గుడ్డ. నేను కుట్టవచ్చా? నమ్మకం..."

"కుట్టడానికి నమ్మకం దేనికండీ? చత్వారం అద్దాలుంటే చాలు."

అలా అరవైఏడో ఏట నేను సూది పట్టాను. మొదటి రోజు పన్నెండు కుట్లు వేస్తే ఆమె పది విప్పించింది. గుడ్డ పైవైపు ఒక్క పోగు మాత్రమే అందుకోవాలి, లాగకూడదు, వదలకూడదు. నేను స్కేలు పెట్టి పెన్సిలుతో గుర్తులు పెట్టబోతే చూపుతోనే వారించింది. వారం తిరిగేసరికి రోజుకు వంద వచ్చాయి. ఆమె మాట క్రమంగా తగ్గిపోయింది. రెప్ప ఒకసారి వేస్తే సరే, రెండుసార్లు వేస్తే విప్పు.

ఒక రోజు చర్చి నుంచి ఒక పెద్దావిడ చూడటానికి వచ్చింది. కిటికీ దగ్గర నా ఒళ్లో గుడ్డ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇన్‌స్పెక్టరుగారు కుడుతున్నారా! ప్రభువు బల్ల గుడ్డ!"

"నావి మాత్రం... పరిశుద్ధమైన చేతులా వదినా?" అంది నా భార్య, ఒక్కొక్క మాటా కూడదీసుకుని.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. చెడ్డ మనిషి కాదు. వానలో తడుస్తూ వచ్చింది. మంచిచెడ్డలు అడిగి, చివరికి నిట్టూర్చి, "ఇంకాస్త గట్టిగా నమ్మాలమ్మా. విశ్వాసం గట్టిదైతే కొండలు కదలవూ? ఎక్కడో లోటుంటుంది," అంది.

నా చేతిలో సూది ఆగిపోయింది. నేను నోరు తెరవబోతుంటే నా భార్య కళ్లతోనే ఆపింది. ఊపిరి తీసుకుంది. ఆ రోజుల్లో ఒక వాక్యానికి మూడు ఊపిర్లు పట్టేవి.

"వదినా... నమ్మడం కూడా... నా బలంతోనే అయితే... ఇక ఆయన దేనికి?"

పెద్దావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. వెళ్లేటప్పుడు గుడ్డ అంచు వేలితో తడిమి చూసి, "ఎక్కడిదాకా ఆవిడ, ఎక్కణ్ణుంచి మీరు?" అని అడిగింది. చూపించాను. "తెలుస్తోంది," అంది. "మీవి మరీ సమానంగా ఉన్నాయి."

నేను నా ప్రశ్న ఇంకొకసారి వేశాను. రెండో పొడుగు అంచూ మూడో మూలా పూర్తయి, చివరి అడ్డపు అంచు సగానికి వచ్చిన రోజు. చర్చకు కాదు, మరి కొన్నాళ్లకు అడగడానికి మనిషి ఉండదు.

"బలం అడిగావు కదా ఈ మూడు నెలలూ. వచ్చిందా?"

ఆమె నా చేతుల వైపు చూసింది. "నా వేళ్లకి అడిగాను," అంది. "మీ వేళ్లకి ఇచ్చాడు."

"నా వేళ్లకు ముందు నుంచీ ఉంది. ముప్పై ఎనిమిది కిలోలు."

ఆమె ముఖంలో సగం మాత్రమే అప్పటికి నవ్వగలిగేది. ఆ సగం నవ్వింది. "ఉంది. సూది... పట్టిందా ఎప్పుడైనా?"

గెలిచినవాళ్లు ముందు లేచి వెళతారని చెప్పాను కదా. అది మంగళవారం. మధ్యాహ్నం మూడింటికి, చెల్లెలు తల దగ్గర, నేను చేయి పట్టుకుని ఉండగా, ఒక ఊపిరికీ తరవాతిదానికీ మధ్య విరామం పెరిగింది. నేను లెక్కపెట్టలేదు. తరవాతి ఊపిరి రాలేదన్న సంగతి నాకు చెల్లెలు చెబితే తెలిసింది.

బుధవారం సమాధి చేశారు. పాస్టరుగారు కుర్రవాడు, గొడుగు నాకు పట్టి తాను తడిశాడు. పరలోకం గురించి నాకు ఏమీ చెప్పలేదు. "గుడ్డ లేకపోయినా పర్లేదండీ, ఆదివారం మామూలు దుప్పటి ఒకటి పరుస్తాం," అన్నాడు. "ఉంటుంది," అన్నాను.

ఆదివారం ఆ గుడ్డ బల్ల మీద పరిచారు. నేను వెళ్లాను, తలుపు దగ్గరే నిలబడ్డాను. అంచు బల్లకు నాలుగు వైపులా సమానంగా వేలాడింది. ఆ పెద్దావిడ నా భార్య కుట్టిన వైపు జనానికి కనబడేలా తిప్పించింది. పాట మొదలయ్యేసరికి నేను వచ్చేశాను. ఇంటికి వచ్చి చూస్తే మరదలు నా కంచం పెట్టి ఉంచింది, తిన్నాను.

అయితే ఇదంతా రాస్తున్నది ఆ ఆదివారం కోసం కాదు, దానికి ముందరి శుక్రవారం ఉదయం కోసం.

గురువారం రోజంతా కూర్చుని మిగిలిన అంచు పూర్తిచేశాను. శుక్రవారానికి నాలుగో మూల ఒక్కటే మిగిలింది. ఆమె మొదట కుట్టు ప్రారంభించిన చోటు అదే. ఆమె మొదటి కుట్టూ నా చివరి కుట్టూ అక్కడ కలవాలి. అన్నిటికంటే మందమైన మూల. ఏడింటికి కిటికీ దగ్గర కూర్చున్నాను. మంచం మీద పక్క తీసేసి ఉంది. వాన వెలిసింది.

"నేను కుట్టేస్తాను బావగారూ, ఇటివ్వండి," అంది మరదలు గుమ్మం దగ్గర.

"వద్దమ్మా."

ఆమె వంటింట్లోకి వెళ్లింది.

ఇత్తడి తొడుగు ఆమె వేలిది. నా వేలికి పట్టదు. తొడుగు లేకుండానే నెట్టాను. సూది మూడు పొరల దాకా పోయి ఆగింది. మళ్లీ నెట్టాను, వేలి కొనలో గుచ్చుకుంది కానీ కదలలేదు. లేచి, బియ్యం డబ్బా వెనక నుంచి పరికరం తీశాను. స్ప్రింగు నిక్షేపంలా ఉంది. నొక్కాను. పాతికకు ముల్లు ఆగింది. ఇంకోసారి నొక్కాను, ఇరవైనాలుగు. మూడోసారి నొక్కలేదు.

ముప్పై ఎనిమిదిలో పదమూడు ఎటు పోయాయో నాకు వివరణ దొరకలేదు. తిండి సరిగా లేదు, నిద్ర లేదు, అవి చాలవు. పరికరం పక్కన పెట్టి వచ్చి కూర్చున్నాను. గుడ్డ ఒళ్లోకి తీసుకున్నాను. ఆ మడత మీద, ఎండాకాలంలో ఆమె వేసిన మొట్టమొదటి కుట్టు, ఇంకా కత్తెర జారని చేతి కుట్టు, చిన్నగా, తిన్నగా ఉంది. సూది మొన దాని పక్కనే ఆనించి, రెండు చేతుల బొటనవేళ్లూ కలిపి నెడుతూ, "ఈ ఒక్కసారి," అన్నాను.

పైకే అన్నాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది కనుక మరదలికీ వినబడి ఉండాలి.

సూది దిగింది. రెండు బొటనవేళ్లు కలిస్తే ఒత్తిడి రెట్టింపవుతుంది, అందుకే దిగింది. దానికి వివరణ ఉంది. తక్కిన పద్నాలుగు కుట్లూ అలాగే వేసి, దారం ముడివేసి, పళ్లతో కొరకకుండా ఆమె నేర్పినట్టు కత్తెరతోనే కత్తిరించాను.

ఆమె అడగమన్న రోజున అడగలేదు. నోరు జారిందో, అడిగానో, అడిగితే ఎవరిని అడిగానో, నోటుపుస్తకం తీసి ఆ తేదీ వేసి, ఎదురుగా ఉన్న గడిలో ముప్పైనాలుగేళ్లలో రాయని మాట రాశాను.

తెలియదు.